తాతల నాటి కత్తి: వాషింగ్టన్ వీలునామా నుంచి చర్ల అడవి దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది ఇంట్లో తరతరాలుగా వస్తున్న కత్తి గురించి. కూరగాయలు తరిగేది కాదండోయ్, ఒరలో పెట్టి, దసరాకి బయటకి తీసి, పసుపు కుంకుమ పెట్టి మళ్లీ లోపల దాచేసే కత్తి. అలాంటిది ఉన్న ఇంట్లో ఒక కథ కూడా తప్పకుండా ఉంటుంది. "మా ముత్తాత దీంతోనే యుద్ధం చేశాడు", "ఫలానా రాజుగారు మెచ్చుకుని ఇచ్చారు" అని. ఆ కథలో నిజం ఎంత, ఆ ఇనుములో రాసి ఉన్న నిజం ఎంత? ఇంకో ప్రశ్న కూడా ఉంది. అసలు కత్తే మిగలని ఇళ్ల సంగతేంటి? దీనికోసం మనం అమెరికా దాకా వెళ్లి, నిజామాబాద్ మీదుగా, గోదావరి ఒడ్డున చర్లకి వద్దాం.

ముందు ఒక సంవత్సరం గుర్తుపెట్టుకోండి. 1799.

ఆ ఏడాది జూలైలో అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ తన వీలునామా రాసుకున్నాడు. డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ వీలునామాలో కత్తుల గురించి ప్రత్యేకంగా ఒక పేరా ఉంది. ఐదుగురు మేనల్లుళ్లు, అన్నదమ్ముల కొడుకుల పేర్లు వరసగా రాసి, ఆ వరసలోనే ఒక్కొక్కరు తలా ఒక కత్తి ఎంచుకోమన్నాడు. దానికి ఒక షరతు కూడా పెట్టాడు. రక్తం చిందించడం కోసం వాటిని ఒరలోంచి తీయొద్దు, ఆత్మరక్షణ కోసమో, దేశం కోసమో, దేశ హక్కుల కోసమో అయితేనే తీయాలి. దేశం కోసం తీశాక మాత్రం, చేతిలో కత్తి ఉండగానే ప్రాణం వదలాలి గానీ కత్తి వదలకూడదు. ఇదీ ఆయన మాట సారాంశం.

ఆ కత్తుల్లో ఒకటి శామ్యూల్ వాషింగ్టన్ అనే వారసుడికి వచ్చింది. స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్ నడుముకి కట్టుకున్న కత్తి అది. 1843లో ఆ కుటుంబం దాన్ని అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చేసింది. ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఎవరు వాడారు, ఎవరికి వచ్చింది, ఎవరు ఎప్పుడు ఇచ్చారు అన్నీ కాగితం మీద ఉన్నాయి. కుటుంబ కత్తికి ఇదొక మంచి ఉదాహరణ.

ఇప్పుడు అదే 1799లో మన వైపు చూడండి. మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది. టిప్పు సుల్తాన్ పోరాడుతూ చనిపోయాడు. కోట మీద పడిన ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పాటు మన హైదరాబాద్ నిజాం సైన్యం కూడా ఉందని మర్చిపోకండి. టిప్పు సొంత గదుల్లో దొరికిన ఒక కత్తిని కంపెనీ సైన్యం మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కి బహుమతిగా ఇచ్చింది. ఆ కత్తి 2023 మే నెలలో లండన్‌లో బోన్హామ్స్ అనే సంస్థ వేలంలో సుమారు 1.4 కోట్ల పౌండ్లకి అమ్ముడుపోయింది. మన డబ్బుల్లో 140 కోట్ల రూపాయల పైమాటే.

ఒకే సంవత్సరం, రెండు కత్తులు. ఒకటి సంతకం పెట్టిన వీలునామాతో కుటుంబంలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లింది. రెండోది యజమాని శవం ఇంకా చల్లారకముందే శత్రువు చేతికి వెళ్లింది. కత్తి ఎవరింట్లో మిగులుతుంది అనేది ఆ ఇంటివాళ్ల ధైర్యం మీద ఆధారపడలేదు. ఎవరు గెలిచారు, చట్టం ఎవరు రాశారు అనేదాని మీద ఆధారపడింది. ఈ మాట దగ్గరికి మనం చర్లలో మళ్లీ వద్దాం.

ఇప్పుడు ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఈ కత్తులు చేసిందెవరు?

వాషింగ్టన్ యుద్ధంలో కట్టుకున్న ఆ కత్తిని తయారు చేసిన మనిషి పేరు జాన్ బెయిలీ. న్యూయార్క్ దగ్గర ఫిష్‌కిల్ అనే ఊళ్లో పని చేశాడు. ఆయన ఎక్కడి నుంచి వలస వచ్చాడో తెలుసా? ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి. అంటే ఇంగ్లండ్ మీద యుద్ధం చేసిన సేనాని నడుముకి ఉన్నది ఇంగ్లండ్ నుంచి వచ్చిన పనివాడి చేతి కత్తి అన్నమాట.

అంతకుముందు, అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో, అక్కడి పెద్దమనుషుల కత్తుల్లో చాలావరకు ఇలా రెండు మూడు చోట్ల పుట్టినవే. బ్లేడు యూరప్ నుంచి ఓడలో దిగేది. జర్మనీలో జోలింగెన్ అనే ఊరు కత్తి బ్లేడ్లకి పుట్టిల్లు. పిడి మాత్రం బోస్టన్ లాంటి ఊళ్లలో వెండి పని చేసేవాళ్లు పోసేవారు. బోస్టన్‌లో జేకబ్ హర్డ్ అనే వెండి పనివాడు చేసిన పిడులు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. వాటిని అమెరికా కత్తులు అనే పిలుస్తారు. కానీ కోసే భాగం అమెరికాది కాదు.

నవ్వకండి, మన దక్కన్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఇప్పుడు ఫిరంగి అంటే మనకి తోపు గుర్తొస్తుంది. కానీ ఫిరంగి అని ఒక రకం కత్తి కూడా ఉంది. పొడుగ్గా, తిన్నగా ఉండే యూరప్ బ్లేడు తెచ్చి, దానికి మన దేశపు పిడి బిగిస్తే అది ఫిరంగి. పరంగీల దేశం నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. యూరప్ బ్లేడ్ల మీద పరిగెత్తే తోడేలు గుర్తు, ఫేమస్ పనివాళ్ల పేర్లు ఉండేవి. వాటికి గిరాకీ ఎంత ఉండేదంటే, ఆ పేర్లనీ గుర్తులనీ వేరేవాళ్లు కాపీ కొట్టేవాళ్లు. డూప్లికేట్ బ్రాండ్ అనేది నిన్న మొన్నటి విషయం కాదు ఫ్రెండ్స్. ఇందాకటి టిప్పు కత్తినే తీసుకోండి. జర్మన్ బ్లేడ్ల నమూనా చూసి మన దేశపు పనివాళ్లు చేసిన కత్తి అని వేలం సంస్థే చెప్పింది.

మరి మన దగ్గర మంచి ఉక్కు లేకనా బయట నుంచి తెచ్చుకున్నది? అసలు మజా ఇక్కడే ఉంది. యూరప్ బ్లేడ్లు మన దక్కన్‌కి వస్తున్న కాలంలోనే, మన తెలంగాణ ఉక్కు ఇరాన్‌కి వెళ్తోంది.

నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరుంది. 1820ల దరిదాపుల్లో హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరు వెళ్లి, అక్కడ ఉక్కు ఎలా తీస్తున్నారో దగ్గరుండి చూసి రాసుకున్నాడు. ఆయన పోయాక, 1832లో ఆ వివరాలు కలకత్తాలో అచ్చయ్యాయి. పద్ధతి ఏంటంటే, రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుముని కలిపి, మట్టితో చేసిన మూసలో వేసి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాలుస్తారు. తర్వాత మెల్లగా చల్లారనిస్తారు. మూస పగలగొడితే లోపల ఉక్కు ముద్ద ఉంటుంది. అప్పుడు ఆ ఊళ్లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఉన్నాడని కూడా వోయిసీ రాశాడు. ముద్ద ముద్దా చూసుకుని కొనుక్కెళ్లడానికి అంత దూరం నుంచి వచ్చేవారు.

ఆ ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు కనపడతాయి. ప్రపంచం వాటిని డమాస్కస్ కత్తులు అంది. డమాస్కస్ సిరియాలో ఉంది. కోనసముద్రం మన దగ్గరుంది. పేరు వాళ్లకి పోయింది! ఇంగ్లీషువాళ్లు ఈ ఉక్కుని ఊట్జ్ అన్నారు. కన్నడ ఉక్కు అనే మాటే అలా మారిందని ఎక్కువమంది పండితులు అంటారు. మన తెలుగులోనూ అదే ఉక్కు కదా. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దీని మీద పరిశోధన పత్రం చదివారు. కరెంటు మోటారు పుట్టుకకి కారణమైన మైకేల్ ఫారడే ఉన్నాడు చూశారూ, ఆయన కమ్మరి కొడుకు. 1819 నుంచి కొన్నేళ్లు ఈ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. 2006లో జర్మన్ శాస్త్రవేత్తలు పాత డమాస్కస్ కత్తిని పరీక్షించి, అందులో కార్బన్ నానోట్యూబులు కనపడ్డాయని నేచర్ పత్రికలో రాశారు. 2010లో మన దేశం, ఇంగ్లండ్ పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి, పాత కొలుముల ఆనవాళ్లు, ఇనుప చిట్టెం గుట్టలు నమోదు చేశారు.

ఇంత జరిగినా, ఆ మూస కట్టిన ఆవిడ పేరు గానీ, తిత్తి ఊదిన అతని పేరు గానీ ఒక్కటి కూడా మనకి తెలియదు. కత్తి పట్టినవాడి పేరు మిగిలింది. కొన్నవాడి పేరు మిగిలింది. చూసి రాసుకున్నవాడి పేరూ మిగిలింది. చేసినవాళ్ల పేరు మాత్రం మిగల్లేదు. మన ఇంటి కత్తి కథ చెప్పేటప్పుడు ఈ ఖాళీ గుర్తుంచుకోవాలి.

సరే, ఇప్పుడు చర్లకి వద్దాం.

మీలో చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు వాళ్లు ఉంటే, "అన్నా, ఇదంతా రాజులు, జమీందార్ల ముచ్చట. మా ఇంట్లో అలాంటి కత్తేం లేదు" అనుకుంటూ ఉండొచ్చు. ఆ "లేదు" వెనకాల కూడా ఒక చరిత్ర ఉంది. ఈ ఎపిసోడ్ చేసింది అసలు దానికోసమే.

మ్యాప్ ఓపెన్ చేయండి. చర్ల గోదావరికి ఎడమ ఒడ్డున ఉంది. ఎగువన తాలిపేరు వాగు, వెనకాల అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. 1860 దాకా ఈ ఒడ్డు నిజాందే. ఆ ఏడాది ఒప్పందంలో ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలు రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరోంచ బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లాయి. అడవిలో ఉన్నవాళ్లని ఎవరూ అడగలేదు. నది ఈవల బ్రిటిష్ చట్టం, ఆవల నిజాం చట్టం. పడవలో పావుగంట ప్రయాణం, అటువైపు దిగితే వేరే రాజ్యం. చర్ల ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1909లో మద్రాసు వైపు మారింది. 1959లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరు కదల్లేదు, చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది. అంటే ఈ ఊళ్ల పాత కాగితాలు కూడా నాలుగైదు చోట్ల చెదిరిపోయాయి అన్నమాట.

ఇక చట్టం సంగతి. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. అందులో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు. కత్తులు, బాకులు, బల్లేలు, చివరికి విల్లులు, బాణాలు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. లైసెన్సు ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చే అధికారం ప్రభుత్వం తన దగ్గరే పెట్టుకుంది. యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. వాషింగ్టన్ కుటుంబం తన కత్తిని అందరికీ తెలిసేలా కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఇక్కడ అదే కత్తి ఇంట్లో ఉంటే, రేపు ఎవరైనా వచ్చి అడుగుతారేమో అని భయం. అలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడు? దాచేస్తాడు, పారేస్తాడు, లేదా కమ్మరి కొలిమికి ఇచ్చేస్తాడు. ఇనుము విలువైంది కదా. కత్తి కాస్తా కొడవలి అవుతుంది, నాగలి కర్రు అవుతుంది.

చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు మొదలైంది. కల్లు మీద పన్ను, మన్సబ్‌దారు దోపిడీ, పోలీసుల జులుం. అదే ఏడాది అది భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వైపు కూడా పాకింది. అక్కడ పోడు మీద పన్ను పెంచేశారని మంట. తిరగబడినవాళ్లు మొదట గురిపెట్టింది పోలీస్ స్టేషన్ల మీద. ఆయుధాలు ఉన్నది కూడా అక్కడే.

తర్వాత 40 ఏళ్లకి అల్లూరి సీతారామరాజు కూడా సరిగ్గా అదే చేశాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి. అక్కడ తీసుకెళ్లిన వాటిలో 11 తుపాకులతో పాటు 5 కత్తులు కూడా ఉన్నాయి. ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ రికార్డులోనే రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఈ సీన్ మనం సినిమా లాగా చూసి చప్పట్లు కొడతాం. కానీ ఒక్కసారి ఆగి ఆలోచించండి. మన్యం మనిషికి కత్తి కావాలంటే పోలీస్ స్టేషన్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ అడవిలో ఆయుధం ఎవరి గుప్పిట్లోకి వెళ్లిపోయిందో ఆ 5 కత్తులే చెప్తున్నాయి.

అందుకే, మీ ఇంట్లో కత్తి లేకపోతే మీకు చరిత్ర లేదని కాదు. కత్తి ఉంచుకోనివ్వని చరిత్ర ఉంది. కోయ గూడేల్లో వస్తువుగా తరతరాలు దాటి వచ్చినవి వేరే ఉన్నాయి. డోలీలు కథ చెప్పేటప్పుడు చూపించే పడిగె గుడ్డలు ఉన్నాయి. ఏ గట్టు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ ఇలవేల్పు ఎవరిది, ఎవరు ఎవరితో పోరాడారు అని ఆ గుడ్డల మీద బొమ్మల్లో, డోలీల పాటల్లో ఉంది. సమ్మక్క సారలమ్మ పోరాటం ఏ రాజు శాసనం వల్ల మనదాకా వచ్చింది చెప్పండి? పాడేవాళ్ల నోటి వల్ల వచ్చింది. వాషింగ్టన్ కుటుంబానికి వీలునామా ఎలాంటిదో, ఈ గూడేలకి పడిగె అలాంటిది. కాకపోతే వీలునామాని బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు. పాట అలా కాదు, ఎవరో ఒకరు నేర్చుకోవాలి.

చివరిగా, ప్రాక్టికల్ విషయాలు. మీ ఇంట్లోనో, మీ చుట్టాలింట్లోనో నిజంగా పాత కత్తి ఉంటే ఏం చేయాలి?

మొదటిది, తోమకండి. గరుకు కాగితంతో రుద్దితే తళతళలాడుతుంది నిజమే, కానీ పైన ఉన్న అలల గీతలు, గుర్తులు, అక్షరాలు అన్నీ పోతాయి. ఉక్కు రకం తెలుసుకుందామని నిమ్మరసం పూయడం లాంటి ప్రయోగాలు వద్దు. పొడి గుడ్డతో తుడవండి. వట్టి చేత్తో బ్లేడు పట్టుకుంటే చెమటకి తుప్పు పడుతుంది, గ్లౌజులు వేసుకోండి.

రెండోది, ఫోటోలు తీయండి. పిడి, పిడి లోపలి వైపు, బ్లేడు మొదలు, రెండు పక్కలా, ఒర. పక్కన ఒక స్కేలు పెట్టండి. పగటి వెలుతురులో ఏటవాలుగా తీస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా బయటపడతాయి. విల్కిన్సన్ అనే పేరు, వెన్ను మీద నంబరు కనపడితే, అది లండన్ కంపెనీ కత్తి కావచ్చు. ఆ నంబరుని బట్టి ఏ ఏడాది చేశారో కూడా చెప్పొచ్చు. గడ్డం గీసుకునే బ్లేడ్ల విల్కిన్సన్ కూడా ఆ వంశమే. నాటకాల కోసం, అలంకరణ కోసం చేసిన కత్తి అని తేలినా చిన్నబోకండి. మీ తాత ఊరూరా నాటకాలు ఆడాడంటే అది తక్కువ కథేం కాదు.

మూడోది, కథని రికార్డ్ చేయండి. నానమ్మనో, పెద్దనాన్ననో కూర్చోబెట్టి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. ఎవరి దగ్గర విన్నారు, ఎప్పుడు విన్నారు అని కూడా అడగండి. ఇనుము చెప్పేది, మనిషి చెప్పేది కలవకపోతే రెండూ విడివిడిగా రాసి పెట్టండి. ఒకదాని కోసం ఇంకోదాన్ని చెరిపేయొద్దు.

నాలుగోది, చట్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య, "సూట్‌కేసులో పెట్టి పంపించు, హాల్లో పెట్టుకుంటా" అంటే కుదరదు. పురావస్తువుల వ్యాపారం చేయాలన్నా లైసెన్సు ఉండాలి. ఫోన్ యాప్‌లో ఫోటో పెట్టి అమ్మేద్దాం అనుకునేవాళ్లు జాగ్రత్త. ఆయుధాల చట్టం కూడా ఉంది, ఇప్పటిది 1959 నాటిది. కత్తుల విషయంలో మీ ప్రాంతానికి ఏ నిబంధన ఉందో ముందు కనుక్కోండి. ఊరేగింపుల్లో తిప్పడం, రీల్స్ కోసం రోడ్డు మీద ఝుళిపించడం అసలొద్దు.

కత్తి లేని ఇంటివాళ్లకి కూడా పని ఉంది. మీ ఊరి చెరువు గట్టునో, చేనులోనో నల్లగా, బరువుగా, నురగ గట్టినట్టు ఉండే రాళ్లు కనపడితే అవి మామూలు రాళ్లు కాకపోవచ్చు, పాత ఇనుప చిట్టెం కావచ్చు. తవ్వకండి, ఏరుకొచ్చి ఇంట్లో పెట్టుకోకండి. ఉన్నచోటే ఫోటో తీసి, లొకేషన్ సేవ్ చేసి, పురావస్తు శాఖకో, మీ డిగ్రీ కాలేజీ చరిత్ర లెక్చరర్‌కో చూపించండి. ఒకప్పుడు అక్కడ ఎవరో కొలిమి పెట్టి ఉంటారు. వాళ్ల పేరు మనకి ఎలాగూ తెలియదు, కనీసం వాళ్లు పని చేసిన చోటైనా తెలిస్తే మంచిదే కదా.

మీ ఇంట్లో తరాలు దాటి వచ్చింది ఏముందో కామెంట్‌లో రాయండి. కత్తి అయినా, కావడి అయినా, పాట అయినా పర్లేదు.